ఒకే నెగటివ్‌కు రెండు రకాల రంగులు: ఫిల్మ్ స్కానింగ్ సాఫ్ట్‌వేర్ లోపల జరిగేదేమిటి?

సంక్షిప్తంగా: స్లైడ్ అనే ఫిల్మ్‌లో రంగులు కంటికి నేరుగా కనిపిస్తాయి. రంగులు తిరగబడి ఉండే నెగటివ్‌లో వాటిని సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి తేల్చాలి. ఒకే నెగటివ్‌ను రెండు చోట్ల స్కాన్ చేయిస్తే రెండు రకాలుగా రావడానికి కారణం ఇదే. స్కానర్ పట్టుకున్న సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచి, రంగుల నిర్ణయాన్ని దానితో కలపకుండా ఉంచే సాఫ్ట్‌వేర్ మేలు. చెన్నై ఉక్కపోతలో ఫిల్మ్‌కు ఆయుష్షు తక్కువ కాబట్టి ఈ తేడా ఇక్కడివారికి మరింత ముఖ్యం.

టి.నగర్, కోడంబాక్కం, సాలిగ్రామం వైపు తెలుగు ఇళ్లలో బీరువా పై అరల్లో నెగటివ్ కవర్లు ఇంకా ఉన్నాయి. రీలు కడిగించి, ప్రింట్లు వేయించి, నెగటివ్‌లను భద్రంగా దాచిన కాలం నాటివి అవి. ఇప్పుడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకునేవారికి ముందుగా ఎదురయ్యేది ఒక తికమక. ఒక స్టూడియోలో స్కాన్ చేయిస్తే పెళ్లికూతురి చీర ఎర్రగా వస్తుంది. ఇంకో చోట అదే చీర నారింజ రంగుకు తిరుగుతుంది. ఫోన్ యాప్‌తో తీస్తే ముఖాలు నీలం పట్టినట్టు ఉంటాయి. ఏది అసలు రంగు, ఏ మెషీన్ మంచిది అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. చాలాసార్లు తేడా మెషీన్‌లో ఉండదు, మెషీన్ వెనుక ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది.

స్లైడ్‌కు సాక్ష్యం ఉంది, నెగటివ్‌కు లేదు

స్లైడ్ అంటే పాజిటివ్ ఫిల్మ్. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే బొమ్మ సరైన రంగుల్లో కనిపిస్తుంది. ఒకప్పుడు సినిమా హాళ్లలో ఇంటర్వెల్ ప్రకటనలు, మెడికల్ కాలేజీల్లో పాఠాలు స్లైడ్ల మీదే నడిచాయి. స్కాన్ చేసిన ఫైల్‌ను, చేతిలో ఉన్న స్లైడ్‌ను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే పట్టుబడుతుంది. పైగా ఐటీ8 అనే ప్రామాణిక రంగుల పటం ఫిల్మ్ మీద ముద్రించి దొరుకుతుంది. దాన్ని స్కాన్ చేసి, వచ్చిన విలువలను ముందే కొలిచి పెట్టిన విలువలతో పోల్చితే ఆ స్కానర్ ఏ రంగును ఎంత తప్పుగా చూస్తోందో తెలుస్తుంది. ఆ తేడాను సాఫ్ట్‌వేర్ ఒక ప్రొఫైల్‌గా రాసుకుని ప్రతి స్లైడ్‌కూ సరిదిద్దుతుంది.

స్లైడ్‌తో వచ్చే ఇబ్బంది రంగులో కాదు, చీకటి భాగాల్లో. ఫిల్మ్ కాంతిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలతను డెన్సిటీ అంటారు. డెన్సిటీ 1 అయితే పదో వంతు కాంతి దాటుతుంది, 2 అయితే వందో వంతు, 3 అయితే వెయ్యో వంతు. స్లైడ్‌లో బాగా నల్లటి చోట్ల ఇది 3 దాటుతుంది. అంత తక్కువ వెలుతురులో సెన్సర్ తన సొంత గరగరనే బొమ్మగా రాసేస్తుంది. అందుకే సిల్వర్‌ఫాస్ట్, వ్యూస్కాన్ లాంటి ప్రోగ్రామ్‌లు ఒకే స్లైడ్‌ను మామూలు ఎక్స్‌పోజర్‌తో (సెన్సర్‌కు అందించే వెలుతురు మోతాదుతో) ఒకసారి, ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో ఇంకోసారి చదివి రెండింటినీ కలిపే సౌకర్యం ఇస్తాయి.

నెగటివ్ సంగతి వేరు. అందులో వెలుగు చీకటిగా, చీకటి వెలుగుగా, ప్రతి రంగూ దాని వ్యతిరేక రంగుగా ఉంటుంది. వాటన్నిటి మీదా నారింజ ఛాయ ఒకటి పరుచుకుని ఉంటుంది. చేత్తో పట్టుకుని ఇదీ అసలు రంగు అని చెప్పగలిగేవారు లేరు. పాత ప్రింట్‌ను సాక్ష్యంగా తెద్దామన్నా, ఆ రంగులు కూడా ఆనాడు ల్యాబ్‌లో ప్రింట్ వేసినవారు నిర్ణయించినవే. పైగా ఇన్నేళ్లలో ఆ ప్రింట్ కూడా వెలిసిపోయి ఉంటుంది.

ఆ నారింజ ఛాయ ఎందుకుంది

ఇది తయారీ లోపం కాదు, కావాలని పెట్టినది. కలర్ ఫిల్మ్‌లో మూడు పొరల్లో మూడు రంగు పదార్థాలు ఏర్పడతాయి: సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు. సయాన్ ఎరుపు కాంతిని మాత్రమే ఆపాలి, కానీ కొంత ఆకుపచ్చను, నీలాన్ని కూడా మింగేస్తుంది. మెజెంటా ఆకుపచ్చతో పాటు కొంత నీలాన్ని ఆపుతుంది. ఈ కల్తీ వల్ల ప్రింట్‌లో రంగులు మురికిపట్టినట్టు వస్తాయి. కోడాక్‌లో పనిచేసిన డబ్ల్యూ.టి.హాన్సన్ 1940లలో దీనికి విరుగుడు కనిపెట్టాడు. రంగు ఏర్పడక ముందు ఉండే రసాయనానికే లేత రంగు ఇచ్చాడు. బొమ్మ ఏర్పడిన చోట ఆ లేత రంగు ఖర్చయిపోతుంది, ఏర్పడని చోట మిగిలిపోతుంది. కల్తీ ఎక్కువైన చోట ఛాయ తగ్గుతుంది, కల్తీ తగ్గిన చోట ఛాయ మిగులుతుంది. రెండూ కలిసి ఫ్రేమ్ అంతటా ఒకే మోతాదుకు సరిపోతాయి. అన్ని చోట్లా సమానంగా ఉన్నదాన్ని ఒక్క లెక్కతో తొలగించవచ్చు. 1972లో వచ్చిన సీ-41 పద్ధతి ఫిల్మ్‌లు, అంటే మన ఇళ్లలోని కలర్ నెగటివ్‌లలో అధిక భాగం, ఈ సూత్రం మీదే నడిచాయి.

ఆ ఒక్క లెక్క ఏమిటన్న దగ్గరే చాలా యాప్‌లు దారి తప్పుతున్నాయి. బొమ్మ ఏమీ లేని ఫిల్మ్ ముక్కను, అంటే రెండు ఫ్రేముల మధ్య ఉండే సన్నటి పట్టీని తీసుకుందాం. అది ఎరుపు కాంతిలో సగానికి పైగా దాటనిస్తుంది. ఆకుపచ్చలో సుమారు నాలుగో వంతు, నీలంలో ఎనిమిదో వంతు దాటుతుంది. ఫిల్మ్ రకాన్ని బట్టి ఈ అంకెలు కొంత మారతాయి, వరుస మాత్రం మారదు. మామూలు ఫొటో ఎడిటర్‌లో రంగులు తిరగేసే ఇన్వర్ట్ బటన్ నొక్కితే ప్రతి విలువనూ గరిష్ఠ విలువ అయిన 255లోంచి తీసివేస్తుంది. ఫిల్మ్ తీసివేతలతో పనిచేయదు. ఒక పొర తనకు అందిన కాంతిలో ఇంత భాగాన్ని ఆపుతుంది, మిగిలినదాంట్లో తర్వాతి పొర మరికొంత భాగాన్ని ఆపుతుంది. అంతా గుణకారమే. కాబట్టి ఛాయను తొలగించాలంటే ప్రతి రంగు విలువనూ ఆ ఖాళీ పట్టీ విలువతో భాగించాలి, లేదా లాగరిథమ్ తీసి డెన్సిటీలను తీసివేయాలి. తీసివేత పద్ధతిలో ఒక మధ్య టోన్ సరిగ్గా కుదిరితే నీడల్లో ఒక రంగు, వెలుగులో ఇంకో రంగు దిగుతాయి. ముఖం సరిచేస్తే జుట్టు ఆకుపచ్చగా తేలడం ఈ తప్పు ఫలితమే. స్లైడర్లు ఎంత జరిపినా అది పూర్తిగా పోదు.

ఫోన్‌తో తీసినప్పుడు ఇంకో నష్టం తోడవుతుంది. నీలం చానల్‌కు, అంటే ఫైల్‌లో నీలం విలువలు రాసే భాగానికి, అందే కాంతి అసలే తక్కువ. జేపెగ్ ఫైల్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, అందులో నీలానికి దక్కేవి కొన్ని మాత్రమే. వాటిని సాగదీస్తే ఆకాశంలో గీతలు గీతలుగా చారలు వస్తాయి. 16 బిట్‌లలో 65,536 మెట్లుంటాయి కాబట్టి ఎంత సాగదీసినా తట్టుకుంటుంది. ఫోన్ కెమెరా తనంతట తాను నీడలు ఎత్తి, వెలుగు తగ్గించి ఇస్తుంది. దాంతో భాగహారానికి కావాల్సిన అసలు నిష్పత్తి కూడా చెడిపోతుంది.

ఆటోమేటిక్ రంగు పసుపును కడిగేస్తే

ఛాయ తొలగించాక సాఫ్ట్‌వేర్ తెలుపు ఎక్కడ, నలుపు ఎక్కడ, మధ్యస్థం ఎక్కడ అని తేల్చుకోవాలి. ఇందుకు చాలా ప్రోగ్రామ్‌లు వాడే ఊహ ఒకటుంది: ఒక ఫొటోలోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రంగు రావాలి. రోడ్డు, చెట్లు, ఆకాశం, నలుగురు మనుషులు ఉన్న ఫొటోలో ఇది చాలావరకు నిజమే.

తెలుగు పెళ్లి రీలులో ఈ ఊహ నిలబడదు. మంగళస్నానాల ఫ్రేమ్‌లో ఒంటినిండా పసుపు, పసుపు బట్టలు, వెనక బంతిపూల దండలు. సగటు తీస్తే ముద్ద పసుపు వస్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని ఫిల్మ్ లోపమని అనుకుని అంతే మోతాదులో నీలం కలుపుతుంది. పసుపు కాస్తా పాలిపోతుంది, తెల్లటి తువ్వాలు నీలం పడుతుంది, ముఖాలు బూడిద పూసినట్టు తయారవుతాయి. అదే స్ట్రిప్‌లో రెండు ఫ్రేముల తర్వాత మధుపర్కాలు కట్టుకున్న ఫొటో తెలుపు ఎక్కువ కాబట్టి చక్కగా వస్తుంది. పక్కపక్క ఫొటోల్లో ఒకే మనిషి రెండు రంగుల్లో కనిపిస్తారు.

దీనికి మెరుగైన పద్ధతి రీలు మొత్తాన్ని కలిపి చూడటం. 36 ఫ్రేములు ఒకే ఫిల్మ్ మీదివి, ఒకేసారి కడిగినవి. ఫిల్మ్‌కు సంబంధించిన దిద్దుబాటు అన్నిటికీ ఒకటే ఉండాలి. లైట్‌రూమ్ అనే ఫొటో ఎడిటర్‌తో కలిసి పనిచేసే నెగటివ్ ల్యాబ్ ప్రోలో ఇలా రీలంతటినీ కలిపి విశ్లేషించే వీలుంది. అలాగని ఫ్రేమ్‌కూ ఫ్రేమ్‌కూ ఉన్న తేడాలన్నీ చెరిపేయడమూ తప్పే. పగటి వెలుతురు కోసం చేసిన ఫిల్మ్‌తో రాత్రి పెళ్లిని హాలోజన్ వీడియో లైట్ల కింద తీస్తే బొమ్మ నిజంగానే పసుపుకు తిరుగుతుంది. ఫిల్మ్ వల్ల వచ్చిన రంగును, ఆనాటి దీపాల వల్ల వచ్చిన రంగును విడివిడిగా దిద్దే వీలిచ్చే సాఫ్ట్‌వేర్‌లోనే ఈ చిక్కు విడుతుంది.

మరో చిన్న విషయం, అంచుల గురించి. ఫిల్మ్ పక్కన ఉండే పళ్ల రంధ్రాల్లో కాంతికి ఏ అడ్డూ లేదు. ఆటోమేటిక్ లెక్కలోకి అవి జొరబడితే సాఫ్ట్‌వేర్ వాటినే అసలైన నలుపుగా భావిస్తుంది. జుట్టు, కాటుక నలుపెక్కక బొమ్మంతా పొగమంచులో ఉన్నట్టు తేలిపోతుంది. ఫిల్మ్ హోల్డర్ ప్లాస్టిక్ అంచు లెక్కలోకి వస్తే అది తెలుపు స్థానాన్ని ఆక్రమించి బొమ్మను మసకబారుస్తుంది. ఫ్రేమ్ సరిహద్దులు సరిగ్గా పట్టుకోవడం పైకి చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, "ఈ స్కానర్ రంగులు బాగా రావట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం అక్కడుంటుంది.

తలంబ్రాలా, దుమ్మా?

దుమ్ము రేణువు కాంతిని అడ్డుకుంటుంది. స్లైడ్ స్కాన్‌లో అది నల్ల చుక్క. నెగటివ్‌లో ఆ నలుపు తిరగబడి తెల్ల చుక్క అవుతుంది. ఇప్పుడు తలంబ్రాలు పోస్తున్న ఫొటోను ఊహించుకోండి. గాల్లో ఉన్న ప్రతి బియ్యపు గింజా లేత రంగు చుక్కే. ముక్కుపుడక మెరుపు, జరీ అంచులో తళుకు కూడా తెల్ల చుక్కలే. బొమ్మను మాత్రమే చూసి దుమ్ము ఏరే సాఫ్ట్‌వేర్ వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంది. దుమ్ము తొలగింపు గట్టిగా పెడితే తలంబ్రాలు మాయమవుతాయి. మెల్లగా పెడితే దుమ్ము మిగులుతుంది.

1990ల చివర్లో అమెరికాలోని ఆస్టిన్‌కు చెందిన అప్లైడ్ సైన్స్ ఫిక్షన్ అనే సంస్థ తెచ్చిన డిజిటల్ ఐస్ ఈ ముడి విప్పింది. నికాన్ కూల్‌స్కాన్ స్కానర్లతో దానికి పేరొచ్చింది. కలర్ ఫిల్మ్‌లోని రంగు పదార్థాలు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని దాదాపుగా ఆపవు, కానీ దుమ్ము, వెంట్రుక, గీత ఆపుతాయి. కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు నాలుగోసారి ఇన్‌ఫ్రారెడ్‌తో చదివితే బొమ్మ దాదాపుగా అదృశ్యమై మచ్చలు మాత్రమే మిగిలిన పటం దొరుకుతుంది. తలంబ్రాలు అందులో కనిపించవు, వాటి మీద పడిన వెంట్రుక కనిపిస్తుంది. మచ్చ ఉన్న చోట మాత్రమే చుట్టుపక్కల పిక్సెల్‌లతో పూడ్చితే చాలు.

సాఫ్ట్‌వేర్‌గా రాసేటప్పుడు మాత్రం ఇది అంత తేలిక కాదు. ఇన్‌ఫ్రారెడ్ కాంతి లెన్స్‌లో కొంచెం వేరే చోట ఫోకస్ అవుతుంది కాబట్టి ఆ పటాన్ని బొమ్మతో సరిగ్గా జతపరచాలి. సయాన్ రంగు కొద్దిగా ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపుతుంది, ఆ మేరకు బొమ్మ నీడ పటంలోకి దిగుతుంది. దాన్నీ లెక్కగట్టి తీసేయాలి. కోడాక్ తయారుచేసిన కోడాక్రోమ్ రకం స్లైడ్లలో ఈ నీడ మరీ ఎక్కువ కావడంతో వాటికి ప్రత్యేకమైన పద్ధతి కావాలి.

బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లలో ఈ ఉపాయం పనిచేయదు. అందులో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది, వెండి ఇన్‌ఫ్రారెడ్‌నూ ఆపుతుంది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన 'ఇందు' బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ అయినా, విదేశీ ఫిల్మ్ అయినా ఇంతే. ఇన్‌ఫ్రారెడ్ శుభ్రత ఆన్ చేసి వీటిని స్కాన్ చేస్తే సాఫ్ట్‌వేర్ మనిషి ముఖాన్నే మచ్చగా చూసి నలిపేస్తుంది. ఫిల్మ్ రకం అడిగి, బ్లాక్ అండ్ వైట్ అనగానే ఆ బటన్‌ను తనంతట తానే ఆపేసేలా సాఫ్ట్‌వేర్ ఉండాలి. బ్లాక్ అండ్ వైట్‌కు మెత్తగా చెదిరిన వెలుతురు వాడటం మేలు. సూటి వెలుతురులో గీతలు, రేణువులు మరింత గట్టిగా కనిపిస్తాయి.

ఏఐ పేరుతో వస్తున్న కొత్త దిద్దుబాటు పరికరాలను కూడా ఈ కొలమానంతోనే చూడాలి. ఇన్‌ఫ్రారెడ్ పటం ఫిల్మ్ మీద కొలిచిన సమాచారం. ఏఐ మచ్చ ఎక్కడుందో, దాని కింద ఏముండి ఉంటుందో ఊహిస్తుంది. గోడ మీద మచ్చకు ఆ ఊహ చాలు. తాతగారి కళ్ల దగ్గర అదే ఊహ నడిస్తే వచ్చేవి వేరెవరివో కళ్లు. ఏఐ దిద్దిన ఫైల్‌ను విడి కాపీగా మాత్రమే ఉంచాలి.

కోడంబాక్కం ఎప్పుడో దాటిన మెట్టు

ఫొటోలు స్కాన్ చేయించుకునేవారు ఇప్పుడు పడుతున్న తికమకను సినిమా రంగం ముందే పరిష్కరించుకుంది. కోడాక్ 1990లలో తెచ్చిన సినియాన్ పద్ధతిలో స్కానర్ రంగులు నిర్ణయించదు. నెగటివ్‌లోని డెన్సిటీని 10 బిట్‌లలో, అంటే 1,024 మెట్లలో, ఒక్కో మెట్టు 0.002 డెన్సిటీ చొప్పున రాసి ఊరుకుంటుంది. తెర మీద చూస్తే ఆ ఫైల్ వెలిసిపోయినట్టు, చప్పగా ఉంటుంది. రంగులు అద్దడం తర్వాత కలరిస్ట్ (రంగులు దిద్దే నిపుణుడు) కూర్చుని చేసే పని. ఎల్.వి.ప్రసాద్ చెన్నైలో నెలకొల్పిన సంస్థ తరవాతి తరంలో ఫిల్మ్ పునరుద్ధరణలో పెద్ద పేరు తెచ్చుకుంది. స్కానిటీ అనే ఫిల్మ్ స్కానర్‌ను తయారుచేసే డీఎఫ్‌టీ కూడా ఇప్పుడు ప్రసాద్ గ్రూపులోదే. చదవడం ఒక దశ, రంగు నిర్ణయించడం ఇంకో దశ అన్న పద్ధతి ఈ ఊరికి కొత్త కాదు.

ఇంటి నెగటివ్‌లకు కూడా ఇదే విభజన కావాలి. స్కానర్ ఇచ్చిన 16 బిట్ విలువలను, ఇన్‌ఫ్రారెడ్ చానల్‌ను, ఖాళీ పట్టీ కొలతను ఏ మార్పూ లేకుండా టిఫ్ లేదా డీఎన్‌జీ ఫైల్‌లో దాచాలి. నెగటివ్‌ను పాజిటివ్‌గా తిప్పడం, ఛాయ తొలగించడం, దుమ్ము దులపడం అనేవి ఆ ఫైల్‌కు జతచేసిన సూచనలుగా మాత్రమే ఉండాలి. రుబ్బిన పిండి ఉంటే ఇడ్లీ వేసుకోవచ్చు, దోసె వేసుకోవచ్చు. వేసిన దోసెను తిరిగి పిండి చేయలేం. స్టూడియోలు ఇచ్చే జేపెగ్ వేసేసిన దోసె. సిల్వర్‌ఫాస్ట్‌లోనూ వ్యూస్కాన్‌లోనూ ఇలాంటి మార్పులు లేని ముడి ఫైల్ దాచే వీలుంది, కానీ అది డిఫాల్ట్‌గా కాక ఎక్కడో ఆప్షన్లలో ఉండటం వల్ల చాలామంది దాన్ని వాడరు.

ఇందుకు అయ్యే ఖర్చు నిల్వ స్థలం. 36 × 24 మిల్లీమీటర్ల ఫ్రేమ్‌ను 4,000 డీపీఐతో (అంగుళానికి 4,000 చుక్కల చొప్పున) చదివితే సుమారు 2.1 కోట్ల పిక్సెల్‌లు వస్తాయి. మూడు రంగులకు 16 బిట్‌ల చొప్పున దాదాపు 129 ఎంబీ, ఇన్‌ఫ్రారెడ్ కలిపితే 171 ఎంబీ. 36 ఫ్రేముల రీలుకు 6 జీబీ పైచిలుకు. పాతికేళ్ల క్రితం ఇది మోయలేని భారం. ఇప్పుడు యాభై రీళ్లు ఒక చిన్న హార్డ్ డిస్క్‌లో సగం కూడా నింపవు.

ఉక్కపోత ఒకవైపు, పాత డ్రైవర్లు ఇంకోవైపు

ముడి ఫైల్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మళ్లీ స్కాన్ చేసే అవకాశం ఉండకపోవచ్చు. ఇళ్లలోని నెగటివ్‌లలో ఎక్కువ భాగం అసిటేట్ ఫిల్మ్. వేడికి, తేమకు అసిటేట్ విరిగి వెనిగర్ వాసన వేస్తుంది, ముడుచుకుంటుంది. అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం 21 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమలో కొత్త అసిటేట్ ఫిల్మ్‌కు ఈ జబ్బు మొదలవడానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. చెన్నైలో ఉష్ణోగ్రత, తేమ ఏడాదిలో అధిక భాగం ఆ రెండు అంకెలకూ పైనే ఉంటాయి. ఫంగస్ ఇంకా తొందరగా వస్తుంది. ఫిల్మ్ మీది జెలటిన్ దానికి తిండి. 2015 డిసెంబరు వరదల్లో నగరంలో ఎన్నో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. తడిసి ఆరిన నెగటివ్‌లు ఒకదానికొకటి అతుక్కుపోతే విడదీయడం చాలా కష్టం.

రంగులు కూడా ఒక్కోటీ ఒక్కో వేగంతో పోతాయి. పోస్టర్ల మీద గొప్పగా వేసుకున్న ఈస్ట్‌మన్ కలర్ సినిమా ప్రింట్లు గులాబీ రంగుకు తిరగడానికి కారణం సయాన్ ముందుగా వెలిసిపోవడమే. కొంత మిగిలి ఉన్నంతవరకు సాఫ్ట్‌వేర్ ఆ చానల్‌ను సాగదీసి నిలబెట్టగలదు. పూర్తిగా పోయాక సాగదీయడానికి ఏమీ ఉండదు.

ఇంకోపక్క స్కానర్ల ఆయుష్షు కంటే వాటి డ్రైవర్ల, అంటే స్కానర్‌ను కంప్యూటర్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్ల, ఆయుష్షు తక్కువ. నికాన్ కూల్‌స్కాన్ యంత్రాలు ఇప్పటికీ బాగా పనిచేస్తాయి, కానీ నికాన్ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ 32 బిట్ విండోస్ విస్టా దగ్గరే ఆగిపోయింది. ఇలాంటి వేల మోడళ్లను వ్యూస్కాన్, లైనక్స్‌లో సేన్ ప్రాజెక్టు బతికిస్తున్నాయి. అందువల్ల కెమెరా, మాక్రో లెన్స్, లైట్ ప్యానెల్ పెట్టి నెగటివ్‌ను ఫొటో తీసే పద్ధతి పెరుగుతోంది. ఒక్కో ఫ్రేమ్‌కు క్షణాలు చాలు, డ్రైవర్ల టెన్షన్ లేదు. ఇన్‌ఫ్రారెడ్ చానల్ మాత్రం పోతుంది, కాబట్టి దుమ్మును ముందే చేత్తో దులపాలి. లైట్ ప్యానెల్ అంచుల్లో వెలుగు తగ్గుతుంది కాబట్టి ఫిల్మ్ లేకుండా ఒక ఖాళీ ఫొటో తీసుకుని, ప్రతి ఫ్రేమ్‌నూ దానితో భాగించే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి.

కవరు మీది రాత

నెగటివ్ కవర్ల మీద "పెద్దక్క పెళ్లి, 1974 వేసవి" అని తెలుగులో రాసి ఉంటుంది. ఫొటో ఎంత బాగా వచ్చినా ఆ ముక్క ఫైల్‌లోకి ఎక్కకపోతే ఇరవై ఏళ్ల తర్వాత ఆ ముఖాలెవరివో ఎవరికీ తెలియదు. సాఫ్ట్‌వేర్ రూపకల్పనలో అందరూ తేలిగ్గా తీసుకునే భాగం ఇది. ఫొటో ఫైల్‌లోనే దాని వివరాలు రాసే ఎక్సిఫ్ ప్రమాణంలో వివరణ రాసే ఖాళీ మొదట్నుంచీ ఇంగ్లిష్ అక్షరాలకే పరిమితం, అన్ని భాషల లిపులనూ రాయనిచ్చే యూనికోడ్‌కు చోటిచ్చిన 3.0 వెర్షన్ వచ్చింది 2023లో. తెలుగులో రాయాలంటే అలాంటిదే అయిన ఎక్స్‌ఎంపీ ప్రమాణం వాడటం మేలు, అది మొదటి నుంచీ యూనికోడ్‌నే అనుసరించింది. తేదీ దగ్గర ఇంకో చిక్కు. చాలా ప్రోగ్రామ్‌లు రోజు, నెల, సంవత్సరం అన్నీ అడుగుతాయి. తెలియనివారు 1974 జనవరి 1 అని నింపేస్తారు, కొన్నాళ్లకు ఆ అబద్ధమే రికార్డుగా మిగిలిపోతుంది. తేదీలు రాసే తీరు గురించి 2019లో వచ్చిన ఐఎస్ఓ 8601-2 ప్రమాణం "1974~" అని, అంటే ఇంచుమించు 1974 అని రాసే వీలు కల్పించింది. ఫొటో సాఫ్ట్‌వేర్‌లలో దీన్ని అమలు చేసినవి అరుదు. ఈలోపు ఉన్నంతలో మేలైన మార్గం, స్కాన్ చేయించేటప్పుడు కవర్ రాతను కూడా ఒక ఫ్రేమ్‌గా ఫొటో తీయించి, అదే ఫోల్డర్‌లో మొదటి ఫైల్‌గా పెట్టించుకోవడం.